కెంపు కొనే ముందు: ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత

ఎర్రగా మెరిసే రాయిని చేతిలో పెట్టి కెంపని చెబితే, అది నిజంగా కెంపే కావచ్చు. వేడి చేసి రంగు తేల్చిన కెంపు కావచ్చు. పగుళ్లలో గాజు నింపినది కావచ్చు. ఫ్యాక్టరీలో పెంచినది కావచ్చు. స్పినెల్, గార్నెట్ లాంటి వేరే ఎర్ర రాయో, ఉత్త గాజో కూడా కావచ్చు. ధరల్లో తేడా మాత్రం కారట్‌కు వందల రూపాయల నుంచి లక్షల దాకా ఉంటుంది. ఏ ఒక్క పరీక్షా ‘ఇది జాతి కెంపు’ అని తేల్చి చెప్పదు. ఒక్కో పరీక్ష ఒకటి రెండు అనుమానాలను కొట్టేస్తుంది, అంతే. అందుకే వరుస ముఖ్యం: ఖర్చు లేని పరీక్షలు ముందు, ల్యాబ్ చివర.

పాలలో వేస్తే పాలు ఎర్రబడతాయన్న పరీక్షను ఇక్కడే పక్కన పెట్టేద్దాం. చక్కని ఎర్ర గాజు ముక్క వేసినా పాలు అలాగే కనిపిస్తాయి. గీసి చూడటం కూడా వద్దు. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో కెంపుది 9 అన్నది నిజమే, కానీ ఫ్యాక్టరీ కెంపుదీ అదే 9. గీతతో తేలేది ఏమీ ఉండదు, రాయి అంచు చిట్లే ప్రమాదం తప్ప.

రాయి ఎక్కడ పుట్టిందన్నది ఎందుకు పట్టించుకోవాలి

కెంపు అంటే కొరండం, అంటే అల్యూమినియం ఆక్సైడ్. స్వచ్ఛంగా ఉంటే దానికి రంగే లేదు. స్ఫటికంలో కొద్దిపాటి అల్యూమినియం స్థానంలో క్రోమియం చేరితే ఎరుపు వస్తుంది. ఇనుము, టైటానియం చేరితే అదే రాయి నీలం అవుతుంది. భూమిలో సిలికా ఎక్కడ చూసినా ఉంటుంది. అది దగ్గర్లో ఉంటే అల్యూమినియం దానితో కలిసి ఫెల్డ్‌స్పార్, అభ్రకం లాంటివి అవుతుంది, కొరండం ఏర్పడదు. సిలికా తక్కువగా, అల్యూమినియం, క్రోమియం రెండూ ఒకేచోట ఉండటం అరుదు. కెంపు అరుదు కావడానికి మూలం అదే.

మయన్మార్‌లోని మొగోక్ కెంపులు పాలరాతిలో పుట్టాయి. అక్కడ ఇనుము చాలా తక్కువ. క్రోమియం వెలుతురును పీల్చుకుని మళ్లీ ఎర్రగా వెలిగే గుణాన్ని ఇనుము అణచేస్తుంది కాబట్టి, ఇనుము లేని మొగోక్ రాయి ఎండలో నిప్పుకణంలా కనిపిస్తుంది. థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దు కెంపులు బసాల్ట్ లావాతో పైకి వచ్చినవి. వాటిలో ఇనుము ఎక్కువ, అందుకే ముదురుగా, కాస్త నల్లటి జీరతో ఉంటాయి. 2009లో బయటపడ్డ మొజాంబిక్‌లోని మోంటెప్యూజ్ నిక్షేపంలో ఆంఫిబోలైట్ అనే ముదురు రంగు శిలలతో సంబంధం ఉన్న కెంపులు దొరుకుతాయి. ఇనుము విషయంలో అవి చాలావరకు ఈ రెంటికీ మధ్యన నిలుస్తాయి. ఇప్పుడు బజారులో కనిపించే కొత్త కెంపుల్లో మొజాంబిక్‌వి చాలా ఎక్కువ. ‘బర్మా కెంపు’ (మయన్మార్ పాత పేరు బర్మా) అన్న మాట అంగడిలో తేలిగ్గా దొర్లుతుంది కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోండి.

మన ఖమ్మం, అనంతపురం ప్రాంతాల్లోనూ కొరండం ఉంది. చాలావరకు వెలుతురు చొరని రాళ్లు. కర్ణాటకలో మైసూరు వైపు దొరికే అలాంటి రాళ్లను గుండ్రంగా సానపెడితే కొన్నింటిలో ఆరు కిరణాల నక్షత్రం కనిపిస్తుంది. లోపల మూడు దిశల్లో పరుచుకున్న రూటైల్ అనే ఖనిజపు సన్నని సూదులు దానికి కారణం.

దగ్గర ఉంచుకోవలసినవి

పది రెట్లు పెద్దది చేసి చూపే ట్రిప్లెట్ లూప్ (మూడు కటకాలు అతికిన చిన్న భూతద్దం), పట్టకారు, 365 నానోమీటర్ల యూవీ టార్చి, 0.001 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ తూకం, ఎల్‌సీడీ తెర ఉన్న ల్యాప్‌టాప్. ముప్ఫై రెట్లు అని రాసి అమ్మే చౌక లూపులు కొనకండి. అంచుల్లో బొమ్మ వంకర పోతుంది, రాయి లోపలి గీతలు వంకరో తిన్ననో తెలియదు. ఆ తేడాయే మనకు కావలసింది.

ముందు వెలుతురు

షాపులో పసుపు స్పాట్‌లైట్ల కింద ప్రతి ఎర్ర రాయీ అందంగానే ఉంటుంది. రాయిని గుమ్మం దగ్గరికి తెచ్చి, నేరుగా ఎండలో కాకుండా నీడపట్టున పగటి వెలుతురులో చూడండి. నల్లబడితే ఇనుమో, మరీ లోతుగా సానపట్టడమో కారణం. తర్వాత అచ్చు కాగితం మీద రాయిని పైముఖంగా పెట్టండి. మధ్యలో నుంచి అక్షరాలు చదవగలిగితే సాన పలచగా పడింది. వెలుతురు తిరిగి కంటికి రాకుండా కిందికి జారిపోతోంది. అడుగు మరీ ఉబ్బుగా ఉంటే బరువు కోసం పొట్ట వదిలారని అర్థం. 7×5 మిల్లీమీటర్ల కోలగా ఉండే కెంపు సుమారు ఒక కారట్ తూగుతుంది. అదే కొలతలో ఒకటిన్నర కారట్ చూపిస్తే ఆ అదనపు బరువు పైనుంచి కనపడదు, డబ్బు మాత్రం దానికీ కట్టాలి.

నగలో బిగించిన రాయి వెనక మూసి ఉంటే రంగును అసలు నమ్మవద్దు. కుందన్ పనిలో రాయి కింద రంగు రేకు పెట్టడం పాత పద్ధతి. అది మోసమేమీ కాదు, కానీ అలా బిగించిన రాయి అసలు రంగు తెలియదు. ‘కెంపుల నగ’ పేరుతో వచ్చే ఆలయ నగల్లో ఎర్ర రాళ్లు ఇవాళ చాలావరకు గాజువి, లేదా ఫ్యాక్టరీవి. వాటికి కెంపు ధర కట్టకండి.

లూప్ కింద

రాయిని మెత్తటి బట్టతో తుడిచి, లూప్‌ను కంటికి ఆనించి, రాయిని దాని దగ్గరికి తేవాలి. వెలుతురు పక్క నుంచి పడాలి. జాతి కెంపులో వెతకాల్సినవి: సన్నని సూదుల గుంపులు (వర్తకులు సిల్క్ అంటారు), వేలిముద్రలా పరుచుకున్న ద్రవ బిందువులు, చిన్న స్ఫటికాలు, కోణాలతో తిన్నగా నడిచే రంగు పట్టీలు. ఏమీ లేకుండా పరిశుభ్రంగా, పెద్దగా, చౌకగా ఉంటే సంతోషించకండి, అనుమానించండి.

ఫ్యాక్టరీ కెంపులో ఎక్కువగా కనిపించేది వెర్న్యూయి పద్ధతి. ఫ్రాన్స్‌కు చెందిన ఆగస్ట్ వెర్న్యూయి దీన్ని 1902లో ప్రకటించాడు: అల్యూమినా పొడి మంటలో కరిగి, తిరుగుతున్న పీఠం మీద చుక్కచుక్కగా పేరుకుని పెరుగుతుంది. పైభాగం ఉబ్బుగా పేరుకుంటుంది కాబట్టి పెరుగుదల గీతలు గ్రామఫోన్ రికార్డు మీది గాడుల్లా వంగి ఉంటాయి. వంగిన గీత ఒక్కటి స్పష్టంగా కనిపించినా విషయం తేలిపోయినట్టే. ప్రకృతిలో కొరండం అలా పెరగదు. గుండ్రటి గాలి బుడగలు కూడా దాని గుర్తే. గీతలు అందకపోతే గాజు గిన్నెలో నీళ్లు పోసి, రాయిని ముంచి, కింద తెల్ల కాగితం, దాని కింద దీపం పెట్టి నెమ్మదిగా తిప్పండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడేది పాత నగల దగ్గర. అమ్మమ్మ కాలం నగ కాబట్టి రాయి జాతిదే అనుకుంటారు. ఫ్యాక్టరీ కెంపులు ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల నుంచే బజారులో ఉన్నాయి. నగ వయసు రాయికి సాక్ష్యం కాదు.

ఫ్లక్స్ పద్ధతిలో, అంటే కరిగిన ద్రావకంలో నెమ్మదిగా పెంచిన రాళ్లది వేరే కథ. వాటిలోని మెలితిరిగిన తెరలు వేలిముద్రల్లాగే ఉంటాయి. లూప్‌తో తేల్చగలమన్న ధీమా వద్దు, అది ల్యాబ్ పని.

యూవీ టార్చి, ల్యాప్‌టాప్ తెర

చీకటి గదిలో 365 నానోమీటర్ల వెలుతురు వేస్తే మొగోక్ కెంపు గాఢంగా ఎర్రగా వెలుగుతుంది. మొజాంబిక్ రాయి అంతకన్నా మసకగా, థాయ్ రాయి మరీ మసకగా. గార్నెట్ వెలగదు. ఎర్ర స్పినెల్ వెలుగుతుంది. వెర్న్యూయి రాయి అన్నిటికన్నా ఎక్కువ వెలుగుతుంది. అంటే గట్టిగా వెలిగే రాయి చూసి మురిసిపోతే ఫ్యాక్టరీ రాయిని బర్మా ధరకు కొన్నట్టే. ఈ పరీక్ష గార్నెట్‌ను, మామూలు గాజును పక్కకు తీయడానికి మాత్రమే.

ల్యాప్‌టాప్‌లో తెల్లటి ఖాళీ పేజీ తెరవండి. ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుతురు ధ్రువితమై ఉంటుంది, అంటే దాని కంపనాలు ఒకే దిశలో ఉంటాయి. రాయిని తెరకు దగ్గరగా పట్టుకుని అక్కడికక్కడే చక్రంలా తిప్పితే, కెంపు రంగు ఊదా ఎరుపుకూ నారింజ ఎరుపుకూ మధ్య మారుతుంది. స్పినెల్, గార్నెట్, గాజు మారవు. ఒక దిశలో మారకపోతే రాయిని పక్కకు తిప్పి మరో రెండు దిశల్లో చూడండి. స్ఫటికపు నిలువు అక్షం వెంట చూస్తున్నప్పుడు కెంపు కూడా మారదు.

నీళ్లలో తూకం

ఇది విడి రాయికే కుదురుతుంది. తూకం మీద చిన్న గ్లాసులో నీళ్లు పెట్టి సున్నా చేయండి. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపితే రాయికి గాలి బుడగలు అంటుకోవు. రాయిని సన్నని నైలాన్ దారంతో కట్టి, గ్లాసు అడుగుకు, గోడలకు తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. తూకం చూపే అంకె రాయి తోసిన నీటి బరువు. రాయి పొడి బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది.

ఐదు కారట్ల రాయి, అంటే సరిగ్గా 1.000 గ్రాము అనుకోండి. కెంపైతే నీళ్లలో 0.250 చూపాలి, సాంద్రత 4.00. స్పినెల్ 0.278 (3.60), రోడోలైట్ గార్నెట్ 0.260 దగ్గర (3.84), ఎర్ర టూర్మలిన్ 0.327 దాకా (3.06). మూడుసార్లు తూచి సగటు తీయండి. ఒక కారట్ రాయికి ఈ తూకం చాలదు: కెంపు 0.050, గార్నెట్ 0.052, చెయ్యి వణికినా అంత తేడా వస్తుంది. రెండు కారట్లకు తగ్గితే ఈ పద్ధతిని స్పినెల్, టూర్మలిన్ పట్టుకోవడానికే వాడండి. ఫ్యాక్టరీ కెంపు సాంద్రత కూడా 4.00 అన్నది మరవద్దు.

స్పినెల్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. బ్రిటిష్ రాజకిరీటంలోని ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’ స్పినెలే. మంచి ఎర్ర స్పినెల్ ఇప్పుడు స్వయంగా ఖరీదైన రాయి. కెంపు పేరుతో అమ్మడమే తప్పు.

గాజు నింపిన కెంపు

నిఖార్సయిన నకిలీ కన్నా ఎక్కువ నష్టం దీనితోనే. 2004 ప్రాంతంలో బజారుకు వచ్చింది. పగుళ్లతో మసకబారిన, నగకు పనికిరాని కొరండాన్ని ఆమ్లంతో కడిగి, సీసం ఎక్కువగా ఉన్న గాజు పొడితో కాలుస్తారు. కరిగిన గాజు పగుళ్లలోకి పాకి రాయి తేటగా అవుతుంది. సీసపు గాజు వెలుతురును వంచే తీరు కెంపుకు దగ్గర కాబట్టి పగులు కంటికి ఆనదు. వేడి చేయడమూ ఇదీ ఒకటే అనుకోకండి. మామూలు వేడిమి రాయిలోని రంగును తేలుస్తుంది, ఆ మార్పు శాశ్వతం. ఇక్కడ రాయిలో కొంత భాగం గాజే.

పట్టుకోవడానికి లూప్ కింద రాయిని మెల్లగా ఊపండి. పగులు వెంట నీలి లేదా ఊదా మెరుపు ఒక్కక్షణం వచ్చి పోతుంది. పగులు లోపల చదునైన గాలి బుడగలు ఉంటాయి. తర్వాత బల్బు ప్రతిబింబం ముఖం మీద పడేలా పట్టండి. గాజు పైకి తేలిన చోట సన్నని గీతలు చుట్టూ ఉన్న కెంపు కన్నా తక్కువగా మెరుస్తాయి. యూవీ, ధ్రువిత వెలుతురు, తూకం దీన్ని పట్టలేవు, ఎందుకంటే అందులో నిజమైన కొరండమూ ఉంది.

కంసాలి టంకం వేసేటప్పుడు మంట తగిలితే ఈ గాజు కరుగుతుంది; తేజాబులో (ఆమ్లంలో) ముంచితే ఆ ఆమ్లం దీన్ని తినేస్తుంది. నిమ్మరసం కూడా కొన్ని గంటల్లో మచ్చలు వేయగలదు. నగ బాగుచేయించడానికి ఇచ్చాక రాయి తెల్లగా పగిలి వచ్చిందంటే, కంసాలి చేయి కన్నా ముందు రాయిని అనుమానించాలి.

చౌక రాళ్లలో ఎర్ర నూనె, రంగు ఎక్కించడమూ ఉంది. దూదిని అసిటోన్‌లో ముంచి తుడవండి; దూది గులాబీ రంగు తిరిగితే రాయి తిరిగి ఇచ్చేయండి.

ల్యాబ్ రిపోర్టు, ధర

రాయి విలువ ల్యాబ్ ఫీజుకు పది రెట్లు దాటితే రిపోర్టు లేకుండా కొనకండి. జీఐఏ, ఎస్ఎస్ఈఎఫ్, గ్యూబెలిన్, జీఆర్ఎస్ ల్యాబ్‌ల రిపోర్టులు అంతర్జాతీయంగా చెల్లుతాయి. జైపూర్‌లోని ఐఐజీజే ల్యాబ్ మన దేశంలో ఎప్పటి నుంచో రాళ్లు పరీక్షిస్తోంది. రిపోర్టులో మొదట చూడాల్సింది ట్రీట్‌మెంట్ వరుస. ‘నో ఇండికేషన్స్ ఆఫ్ హీటింగ్’ అంటే వేడి చేసిన ఆనవాళ్లు లేవు. ‘హీటెడ్’ పక్కన రెసిడ్యూ అని ఉంటే, వెలిగారం లాంటి ద్రావకంతో కాల్చగా పగుళ్లలో అవశేషం మిగిలిందని అర్థం. అది ఎంత అన్నదాన్ని బట్టి ధర తగ్గాలి. ‘కాంపోజిట్’ అని ఉంటే గాజు నింపిన రాయి. ‘నేచురల్ రూబీ’ అని మాత్రం రాసి ట్రీట్‌మెంట్ ఊసెత్తని ప్లాస్టిక్ కార్డుకు విలువ లేదు. రిపోర్టు నంబరును ల్యాబ్ వెబ్‌సైట్‌లో సరిచూసి, బరువు, మిల్లీమీటర్ కొలతలు మీ ముందున్న రాయికి సరిపోతున్నాయో లేదో కొలవండి. అసలు రిపోర్టుకు వేరే రాయి జతచేయడం కొత్త సంగతి కాదు.

‘పిజియన్ బ్లడ్’ (పావురం రక్తం) అన్న ఎరుపు రంగు పేరుకు ఒక్కో ల్యాబ్ కొలమానం ఒక్కోటి. పుట్టిన చోటు కూడా ల్యాబ్ ఇచ్చే అభిప్రాయమే. బర్మా పేరుకు అదనపు ధర ఉందన్నది నిజం: 25.59 కారట్ల ‘సన్‌రైజ్ రూబీ’ 2015లో జెనీవా వేలంలో మూడు కోట్ల డాలర్లు దాటింది. అయితే 2023లో మొజాంబిక్ రాయి ‘ఎస్ట్రెలా డి ఫ్యూరా’, 55.22 కారట్లు, దాదాపు 3.48 కోట్ల డాలర్లకు పోయింది. చూడచక్కని మొజాంబిక్ రాయిని వదిలి, మసక బర్మా రాయికి పేరు కోసం ఎక్కువ ఇవ్వడం మా లెక్కలో తెలివైన బేరం కాదు.

జాతకం కోసం కొనేవారికి బరువు రత్తిలో చెబుతారు. ఒక లెక్కలో రత్తి 0.61 కారట్, మరో లెక్కలో 0.91. బేరం ఎప్పుడూ కారట్‌లోనే, అంటే 0.2 గ్రాములలోనే ఆడండి. బిల్లులో రాయి పేరు, కారట్ బరువు, ట్రీట్‌మెంట్, ల్యాబ్‌లో తేడా వస్తే డబ్బు వాపసు అన్న మాట రాయించుకోండి. హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకే, రాయికి కాదు. నగ మొత్తం బరువులో నుంచి రాళ్ల బరువు తీసేసి, మిగిలిన దానికే బంగారం ధర, తరుగు లెక్క కట్టించండి.

బిగించాక

బిగింపు పని, గోళ్లు అతకడం ఏదైనా రాయి తీసి చేయమనండి. మంటలో వెలిగారం తగిలితే జాతి కెంపు ముఖం కూడా తినేస్తుంది, మళ్లీ సాన పట్టాల్సి వస్తుంది. ఇంట్లో శుభ్రం చేయడానికి గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. గాజు నింపినదో కాదో తెలియని రాయిని అల్ట్రాసోనిక్ యంత్రంలో పెట్టనివ్వకండి. భద్రపరిచేటప్పుడు కెంపుల నగను ముత్యాలతో, పగడాలతో ఒకే పెట్టెలో వేయవద్దు. అది వాటన్నిటినీ గీస్తుంది.