ఇంటి కిటికీలకు తెరలు – మూడవ పాఠం: కొలత, కుచ్చు, గుడ్డ లెక్క

గదికి ఎంత వెలుగు కావాలి, ఎంత మరుగు కావాలి అన్నది మొదటి పాఠంలోనూ, ఏ బట్ట ఎలా వేలాడుతుందన్నది రెండవ పాఠంలోనూ చూశాం. ఈ పాఠంలో టేపు పట్టుకుని కొలతలు తీసి, ఎన్ని మీటర్ల గుడ్డ కొనాలో తేల్చుకుందాం. తెరల పని ఎక్కువగా చెడిపోయేది ఈ దశలోనే. మామూలు నూలు బట్ట అయినా రాడ్డు పొడవుకు రెండింతల వెడల్పుతో కుట్టిస్తే నిండుగా, బరువుగా, చూడముచ్చటగా జారుతుంది. ఎంత ఖరీదైన పట్టు అయినా చాలీచాలని వెడల్పుతో కుట్టిస్తే, తెర మూసినప్పుడు తీగ మీద ఆరేసిన దుప్పటిలా కనిపిస్తుంది. అందువల్ల డబ్బుకు ఇబ్బందిగా ఉన్నప్పుడు మీటరు ధర తక్కువ ఉన్న బట్టను ఎంచుకోవాలే గాని, మీటర్లను తగ్గించుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

మొదట రాడ్డు, తరువాతే టేపు. కిటికీ చట్రాన్ని కొలిచి ఆ కొలతకే తెరలు కుట్టించడం చాలామంది చేసే పని, కాని తెర వేలాడేది రాడ్డు నుంచి కాబట్టి కొలవవలసినది రాడ్డునే. కుదిరితే రాడ్డును ముందే బిగించండి. కుదరకపోతే అది వచ్చే చోట గోడ మీద పెన్సిలుతో గీత గీసి, ఆ గీత నుంచి కొలవండి. చట్రానికి పైన 4 నుంచి 6 అంగుళాల ఎత్తులో రాడ్డు పెడితే పై అంచు నుంచి వెలుగు చొరబడదు, గది కూడా కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. అటూ ఇటూ ఎంత పొడిగించాలన్నది తెర తెరిచినప్పుడు ఒక పక్కకు చేరే బట్ట మందాన్ని బట్టి ఉంటుంది. మామూలు బట్టకు పక్కకు 8 నుంచి 10 అంగుళాలు, మందపాటి మఖమల్‌కు 12 అంగుళాలు లేదా అంతకన్నా ఎక్కువ వదిలితే, తెరిచిన తెర చాలావరకు గోడ మీదనే నిలుస్తుంది, అద్దానికి అడ్డం రాదు. ఇరుకు కిటికీ వెడల్పుగా కనిపించడానికి కూడా ఇదే ఉపాయం.

కొలవడానికి ఉక్కు టేపు వాడండి. దర్జీల గుడ్డ టేపు వాడగా వాడగా సాగిపోతుంది, అందులోనూ నిలువు కొలతలో ఆ తేడా పెరిగిపోతుంది. నేలలు, గట్లు మన కంటికి కనిపించినంత సమంగా ఉండవు కాబట్టి, ఎత్తును ఎడమ చివర, మధ్యలో, కుడి చివర మూడు చోట్ల కొలిచి, వాటిలో అన్నిటికన్నా తక్కువ ఉన్న కొలతను తీసుకోండి. దానివల్ల తెర ఏ మూలా నేలకు రాసుకోదు.

తెర ఎక్కడి వరకు దిగాలి? కిటికీ గట్టుకు అర అంగుళం పైన ఆగవచ్చు, గట్టుకు 4 నుంచి 6 అంగుళాలు కింద ఆగవచ్చు, లేదా నేలకు అర అంగుళం పైన ఆగవచ్చు. ఈ మూడింటిలో నా మొగ్గు నేల వరకు దిగే తెర వైపే. కిటికీ కింద బల్లో, మంచమో, వంటగట్టో ఉంటేనే పొట్టి తెర. గట్టుకూ నేలకూ సగం దారిలో ఆగిపోయిన తెర మాత్రం ఎంత మంచి బట్టతో కుట్టినా గుడ్డ చాలక వదిలేసినట్టే ఉంటుంది.

ఇప్పుడు కుచ్చు లెక్కకు, అంటే రాడ్డు పొడవుకు ఎన్నింతల వెడల్పు గుడ్డ కావాలన్న లెక్కకు వద్దాం. పై అంచున లోహపు రింగులు బిగించే ఐలెట్ తెరలకు రాడ్డు పొడవుకు ఒకటిన్నర నుంచి రెండింతలు, వెనుక టేపు కుట్టి దారం లాగి దగ్గరగా ముడిచే తెరలకు రెండు నుంచి రెండున్నర ఇంతలు, మూడేసి మడతలు కలిపి కుట్టే తెరలకు కూడా రెండు నుంచి రెండున్నర ఇంతలు అవసరమవుతాయి. పలుచని, వెలుగు వడకట్టే బట్టలకు రెండున్నర నుంచి మూడింతలు ఉంటేనే నిండుదనం వస్తుంది, ఎందుకంటే అవి ఒక్క పొరగా ఉన్నప్పుడు దాదాపు కనిపించవు. ఇవి కుట్టు పూర్తయిన తరువాత ఉండవలసిన కొలతలన్న సంగతి గుర్తుపెట్టుకోండి. కుట్లలోకి పోయే గుడ్డను వీటికి కలపాలి.

ఒక కిటికీని తీసుకుని లెక్క చేద్దాం. చట్రం వెడల్పు 60 అంగుళాలు. పక్కకు 10 అంగుళాల చొప్పున పొడిగిస్తే రాడ్డు 80 అంగుళాలు. ఇంత పొడవు రాడ్డుకు మధ్యలో కూడా ఒక బ్రాకెట్ వేయకపోతే కొంతకాలానికి వంగిపోతుంది. తెరలు జతగా ఉండి మధ్యలో కలుసుకుంటాయి కాబట్టి ఆ బ్రాకెట్ వల్ల తెర లాగడానికి అడ్డంకి ఉండదు. రాడ్డు పై అంచు నుంచి నేలకు 90 అంగుళాలు. వేయదలచినవి ఐలెట్ తెరలు. ఐలెట్ తెరలో రాడ్డుకు పైన ఒక అంగుళం గుడ్డ నిలబడుతుంది, నేలకు అర అంగుళం ఖాళీ ఉంటుంది. కాబట్టి పూర్తయిన తెర ఎత్తు 90.5 అంగుళాలు. కింద 4 అంగుళాల మడతను రెండుసార్లు వేస్తే 8 అంగుళాలు, పైన ఐలెట్ పట్టీకి 4.5 అంగుళాలు కలిపితే, ఒక్కో ముక్కను 103 అంగుళాల పొడవున కత్తిరించాలి.

వెడల్పు సంగతి చూద్దాం. రెండింతల కుచ్చుకు 160 అంగుళాలు. రెండు తెరలకు కలిపి నాలుగు పక్క అంచులు, ఒక్కో అంచుకు ఒకటిన్నర అంగుళాల మడత రెండుసార్లు, అంటే 3 అంగుళాలు, మొత్తం 12. అతుకులకు మరో 2 అంగుళాలు వేసుకుంటే 174. తెరల బట్టలు తరచుగా 54 అంగుళాల పన్నాతో, అంటే అడ్డ వెడల్పుతో వస్తాయి. 174ను 54తో భాగిస్తే 3.2 వస్తుంది. అంగడిలో 3.2 పన్నాలు (పూర్తి వెడల్పు ముక్కలు) దొరకవు కాబట్టి మూడు తీసుకోవాలా, నాలుగు తీసుకోవాలా అన్న ప్రశ్న ఇక్కడే ఎదురవుతుంది.

మూడు పన్నాలైతే ఒకదాన్ని నిలువుగా రెండు సగాలు చేసి, ఒక్కో సగాన్ని ఒక్కో పూర్తి పన్నాకు అతకాలి. అతుకుకు 1, పక్క అంచులకు 6 పోగా ఒక్కో తెర 74 అంగుళాలు, రెండూ కలిపి 148, అంటే 1.85 ఇంతల కుచ్చు. నాలుగు పన్నాలైతే ఒక్కో తెర 101, రెండూ కలిపి 202; అంటే రెండున్నర ఇంతలకు పైమాటే. మందపాటి బట్టతో ఐలెట్ తెరలు కుట్టించేవారికి మూడు పన్నాలు చాలు, నాలుగు వేస్తే తెరిచినప్పుడు పక్కన గుట్టగా పోగవుతుంది. పలుచని నూలు బట్ట అయితే వెనుకాడకుండా నాలుగు వేయండి. సగం పన్నాను అతికేటప్పుడు దాన్ని ఎప్పుడూ గోడ వైపు అంచుకు రానివ్వాలి. రెండు తెరలు కలుసుకునే నడిమి భాగంలో అతుకు కనిపిస్తే కన్ను అక్కడే ఆగుతుంది. మఖమల్ లాంటి నూగు ఉన్న బట్ట అయితే అన్ని ముక్కలలోనూ నూగు ఒకే దిక్కుకు ఉండేలా చూడాలి, లేకపోతే ఒకే తాను నుంచి తీసిన ముక్కలు రెండు రంగులలా కనిపిస్తాయి.

సాదా బట్ట అయితే నాలుగు ముక్కలకు 412 అంగుళాలు, మీటరుకు 39.37 అంగుళాలు కాబట్టి దాదాపు 10.5 మీటర్లు. పువ్వులో, ఆకృతులో ఉన్న బట్ట అయితే లెక్క మారుతుంది. ఒకే పువ్వు మళ్ళీ కనిపించే నిలువు దూరాన్ని ముందుగా కొలవాలి. అతుకు దగ్గర పువ్వులు కలవాలంటే ప్రతి ముక్కా అదే చోట మొదలవ్వాలి, అందువల్ల ముక్క పొడవును ఆ దూరానికి పూర్తి గుణిజంగా పెంచాలి. ఆ దూరం 24 అంగుళాలనుకుంటే, 103కు మించిన మొదటి గుణిజం 120. నాలుగు ముక్కలకు 480 అంగుళాలు, అంటే సుమారు 12.2 మీటర్లు. ముక్కకు 17 అంగుళాలు మిగులుతుంది. 54 అంగుళాల పన్నాలో ఆ మిగులు నుంచి 16 అంగుళాల దిండు గలీబులకు ముందువైపు ముక్కలు మూడు వస్తాయి కాబట్టి వృథా అనుకోనక్కరలేదు.

అదే దూరం 20 అంగుళాలైతే తెలివిగా ఆలోచించాలి. లెక్క ప్రకారం 103కు తరువాతి గుణిజం మళ్ళీ 120యే. కాని 103 అనేది 100కు మూడే అంగుళాలు ఎక్కువ. కింది మడతను 4 నుంచి రెండున్నర అంగుళాలకు తగ్గిస్తే సరిగ్గా ఆ మూడు అంగుళాలు కలిసివచ్చి, ముక్కకు 20 అంగుళాల చొప్పున నాలుగు ముక్కల మీద 80 అంగుళాలు, అంటే రెండు మీటర్ల గుడ్డ ఆదా అవుతుంది. అయితే ఉతికితే కుదించుకుపోయే బట్టకు ఈ ఉపాయం పనికిరాదు, ఎందుకంటే కింది మడతలోని గుడ్డే తరువాత తెరను దించుకోవడానికి మిగిలే ఆధారం. నూలు బట్టలు నూటికి 3 నుంచి 5 వంతులు కుదించుకుపోవచ్చు. 103 అంగుళాల ముక్కలో 4 వంతులు పోతే నాలుగు అంగుళాలు పైకి లేచినట్టే. ఇంట్లో ఉతకదలచిన బట్టను కత్తిరించే ముందే తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేయాలి, కొనేటప్పుడు ఆ మేరకు కొంత ఎక్కువగా తీసుకోవాలి.

పలుచని బట్టలు కొన్ని 280 సెంటీమీటర్ల పన్నాతో, అంటే సుమారు 110 అంగుళాలతో వస్తాయి. వీటిని అడ్డంగా తిప్పి వాడతారు: పన్నాయే తెర ఎత్తవుతుంది, తాను పొడవు తెర వెడల్పవుతుంది. మన 103 అంగుళాలు అందులో ఇమిడిపోతాయి కాబట్టి అతుకే ఉండదు. 80కి మూడింతలుగా 240 అంగుళాలు, అంచులకు 12 కలిపి సుమారు 6.4 మీటర్లు కొంటే సరిపోతుంది. పువ్వులు నిలువుగానే ఉండవలసిన బట్టను మాత్రం ఇలా తిప్పలేం.

ఐలెట్ల సంఖ్య ప్రతి తెరకూ సరిసంఖ్యగానే ఉండాలి. అప్పుడే తెర రెండు చివరలూ గోడ వైపుకు తిరుగుతాయి. బేసి సంఖ్య పడితే ఒక చివర లోపలికి, ఒక చివర బయటికి తిరిగి ఎంత సర్దినా కుదరదు. 101 అంగుళాల తెరలో చివరి ఐలెట్ల నడిమి బిందువులు అంచుకు 2 అంగుళాల లోపలికి పెడితే వాటి మధ్య 97 అంగుళాలు. 16 ఐలెట్లంటే 15 ఎడాలు. ఒక్కో ఎడం సుమారు 6.5 అంగుళాలు. 18 ఐలెట్లు పెడితే ఎడం 5.7కు తగ్గి మడతలు ఇరుకవుతాయి కాబట్టి నేనైతే 16 పెట్టిస్తాను. తెర దగ్గరకు చేరినప్పుడు ఒక్కో మడత రాడ్డుకు ముందుకూ వెనుకకూ ఎడంలో సగం, అంటే సుమారు 3.25 అంగుళాలు జరుగుతుంది. రాడ్డు గోడకు అంతకన్నా దూరంగా ఉండకపోతే మడతలు గోడకు నొక్కుకుపోతాయి. బ్రాకెట్లు కొనేటప్పుడు ఈ దూరాన్ని అడిగి తెలుసుకోండి.

కింది మడతను కుట్టేయడానికి తొందరపడకండి. పై పని, పక్కల పని పూర్తిచేసి, కింద గుండుసూదులతో గాని పొడవాటి కచ్చా కుట్టుతో గాని ఆపి, తెరను రెండు మూడు రోజులు వేలాడనివ్వండి. వదులుగా నేసిన నార బట్ట తన బరువుకు తానే కొంత సాగుతుంది. ఆ సాగుడు పూర్తయ్యాక నేల నుంచి అర అంగుళం పైకి గుర్తుపెట్టి కుట్టుకుంటే అంచు సమంగా వస్తుంది.

సాధన కోసం ఒక లెక్క ఇస్తున్నాను. రాడ్డు 64 అంగుళాలు, పూర్తయిన తెర ఎత్తు 58 అంగుళాలు, దారం లాగే టేపుతో ముడిచే జత తెరలు, కుచ్చు రెండింతలు. బట్ట పన్నా 48 అంగుళాలు, పువ్వు మళ్ళీ వచ్చే దూరం 16 అంగుళాలు, కింద 8 అంగుళాలు, పైన 3 అంగుళాలు మడతకు. ఎన్ని పన్నాలు, ఒక్కో ముక్క ఎంత పొడవు, మొత్తం ఎన్ని మీటర్లు? కింది మడత తగ్గించి ఒక పువ్వు దూరాన్ని ఆదా చేయవచ్చా, చేస్తే మిగిలే మడత ఆ తెరకు చాలుతుందా? జవాబులతో పాటు, ఎండకు రంగు పోకుండా వెనుక వేసే లైనింగ్ గుడ్డను ఎంచుకునే పద్ధతిని నాలుగవ పాఠంలో చూద్దాం.