ఇంటి పక్క డిటెక్టర్ మోగిందా? గడారి పట్టే ముందు ఇవి చూసుకోండి

తొలకరి పడిందంటే మా వైపు జనం చూపు నేల మీదే ఉంటుంది. తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం పొద్దున్నే వంగి నడిచేవాళ్లు కనిపిస్తారు. ఈమధ్య కొందరి చేతుల్లో మెటల్ డిటెక్టర్లు కూడా ఉంటున్నాయి. వజ్రం లోహం కాదు, మెషిన్ దాన్ని పట్టదు. ఆ సంగతి నాలుగు రోజులు తిరిగాక గానీ తెలియదు. అప్పటికి డబ్బు పెట్టి కొన్నది ఊరికే ఎందుకు పడెయ్యాలని ఇంటికి తెచ్చి పెరట్లో తిప్పుతారు. పెరట్లో తప్పకుండా మోగుతుంది. వాన పడి నేల మెత్తగా ఉంటుంది కాబట్టి వెంటనే గుంత మొదలవుతుంది.

నేను గుత్తి దగ్గర మోటర్లు, ఇంటి వైరింగ్ పని చేస్తాను. పోయినేడు ఎండాకాలం చివర్లో మా బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, వెంటనే రా. ఒకే చోట నిలబడి మోగుతోంది" అన్నాడు. పోయి చూస్తే బాత్రూం గోడకు మూడడుగుల దూరంలో ఒక అడుగు లోతు గుంత. 99 దాకా అంకె చూపే మెషిన్‌లో 80 దాటి నిలకడగా ఉంది. గుంతలో నల్లగా బొగ్గు ముక్కలు. బావ మొహం వాడిపోయింది. "చూడప్పా, మన ఖర్మకి బంగారం బొగ్గులైపోయిందేమో" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. అది ఆ ఇంటి ఎర్తింగ్. ఇల్లు కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి రాగి ప్లేటు పాతారు. తర్వాత వెనక వైపు బండలు పరిచినప్పుడు నీళ్లు పోసే తొట్టి మూసుకుపోయింది, మనుషులు మర్చిపోయారు. ఇంకో నాలుగు పోట్లు వేసి ఉంటే ఎర్త్ వైరు తెగేది. ఆ తర్వాత ఫ్రిజ్‌లోనో గీజర్‌లోనో కరెంటు బాడీకి దిగితే నేలలోకి పోయే దారి ఉండేది కాదు, తాకిన మనిషిలోంచే పోయేది. ఇంట్లో ఎక్కడైనా లీకేజీ ఉన్న రోజైతే గుంతలోని ఆ వైరే షాక్ కొట్టొచ్చు కూడా.

అందుకే ఇంటి పక్క మోగినప్పుడు ముందు తవ్వాల్సింది నేలను కాదు, ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలను. బోరు ఎప్పుడు వేశారు, మోటరు కేబులు ఏ వైపు నుంచి తెచ్చారు, పాత కుళాయి పైపు ఎటు పోయేది, సెప్టిక్ ట్యాంకు మూత కింద కమ్మీలు ఉన్నాయా, ఇప్పుడున్న గోడకు ముందు అక్కడ పశువుల కొట్టం ఉండేదా? మేస్త్రీ బతికి ఉంటే ఆయన్ను అడగండి. సగం సిగ్నళ్లకు జవాబు మంచం మీద కూర్చున్న అవ్వ దగ్గరే దొరుకుతుంది.

ఆ తర్వాత మెషిన్‌తో కొంచెం ఓపికగా మాట్లాడండి. మెషిన్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. లోహంలో దాని వల్ల చిన్న విద్యుత్ పుడుతుంది, ఆ తిరుగు జవాబునే మనం కూతగా వింటాం. అది బంగారమా, పప్పుల ప్యాకెట్ లోపలి రేకా అని చెప్పే శక్తి దానికి లేదు. చిన్న ఉంగరానికీ అల్యూమినియం రేకుకూ అంకెలు చాలాసార్లు కలిసిపోతాయి. ఒకసారి తూర్పు పడమరలుగా, ఒకసారి ఉత్తర దక్షిణాలుగా తిప్పండి. తుప్పు పట్టిన మేకైతే ఒకవైపు గట్టిగా, ఇంకోవైపు తెగి తెగి మోగుతుంది. కాయిల్‌ను, అంటే మెషిన్ కింద ఉండే చక్రాన్ని, అడుగు పైకి ఎత్తినా కూత తగ్గకపోతే వస్తువు పెద్దది. నాలుగడుగులు అటూ ఇటూ గీతలాగా సాగితే అది పైపో కేబులో అనుకోండి, తవ్వొద్దు. ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. ఒక్కో రాయి కూడా మోగిస్తుంది, మెషిన్‌ను ఆ నేలకు సర్దుకోకుండా తిప్పితే రోజంతా కూతలే.

అంకె గంతులేస్తుంటే, ఉండీ లేనట్టు మోగుతుంటే, గోడలోని వైర్లు, ఇన్వర్టర్, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ కారణం కావచ్చు. మెయిన్‌తో పాటు ఇన్వర్టర్‌నూ ఆపి మళ్లీ తిప్పి చూడండి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మెయిన్ ఆపితే ఇంట్లో కరెంటు ఆగుతుంది గానీ, స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరులో ఆగదు. బోరు మోటరుది వేరే కనెక్షన్ అయితే అదీ ఆగదు. మా పల్లెల్లో త్రీఫేజ్ కేబులును జానెడు లోతున, పైపు కూడా లేకుండా, మధ్యలో టేపు చుట్టిన జాయింట్లతో పూడ్చిన ఇళ్లు నేను లెక్కలేనన్ని చూశాను. ఇనప గడారి తడి నేలలో ఆ జాయింటుకు తగిలితే అరవడానికి కూడా టైముండదు. తవ్వుతుంటే ఇసుక పొర గానీ, వరసగా పేర్చిన ఇటుకలు గానీ బయటపడితే కింద కేబులు ఉన్నట్టే. అక్కడితో ఆపి 1912కి ఫోన్ చేసి లైన్‌మన్‌ను పిలిపించండి. ప్లాస్టిక్ పైపును మెషిన్ అసలు పట్టదు, కాబట్టి మోగని చోట ఏమీ లేదనుకోవడం కూడా తప్పే.

ఇంకో భయం మన జిల్లాలకే ప్రత్యేకం. పేరు చెప్పడానికి ఇష్టం లేకపోయినా చెప్పాలి. ఫ్యాక్షన్ రోజుల్లో నాటు బాంబులను గడ్డివాముల్లో, దిబ్బల్లో, ఇళ్ల వెనక గోడల వారన బకెట్లలో, డబ్బాల్లో పెట్టి పూడ్చేవాళ్లు. దాచినవాడు పోయాడు, ఇల్లు చేతులు మారింది, అది మాత్రం అక్కడే ఉంది. లోపల మేకులు, ఇనప ముక్కలు ఉంటాయి కాబట్టి డిటెక్టర్ బాగానే మోగుతుంది. పాతబడితే చచ్చిపోతుందనేది ఒట్టి మాట. రాపిడికే పేలే రకాలు అవి, గడారి మొన చాలు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు రాళ్ల క్వారీల నుంచీ, బావులు పేల్చిన పాత రోజుల నుంచీ మిగిలిన డిటోనేటర్లు ఇంకో రకం. పెన్సిలంత లావు, వేలంత పొడుగున్న లోహపు గొట్టం, కొన్నింటికి రెండు సన్నటి వైర్లు. పిల్లలు దాన్ని రాయితో కొట్టి చూస్తారు.

గుంతలో పురికొస చుట్టిన ఉండ, పొట్టులోనో ఇసుకలోనో పెట్టిన డబ్బా, అలాంటి గొట్టం కనబడితే చేతిలోని పారను కూడా కింద విసరొద్దు. మెల్లగా వచ్చిన దారినే వెనక్కి నడవండి. నీళ్లు పోయొద్దు, కర్రతో కదపొద్దు, ఫొటో కోసం దగ్గరికి పోవద్దు. పిల్లల్నీ పశువుల్నీ దూరంగా తోలి, బాగా దూరం వచ్చాక 112కి ఫోన్ చేయండి. పోలీసులు బాంబ్ స్క్వాడ్‌ను పిలిపిస్తారు. "మనింట్లో దొరికిందంటే కేసు మన మీదే పడుతుంది" అని రాత్రికి రాత్రి తీసుకెళ్లి వంకలో పారేద్దామని చూసేవాళ్లుంటారు. ఆ పని మాత్రం చేయకండి.

ఇవేవీ కావని తేలి, తవ్వాలనే నిర్ణయానికి వస్తే పగలే తవ్వండి, ఒంటరిగా వద్దు. కాళ్లకు బూట్లు, చేతులకు తోలు గ్లౌజులు. మోగిన చోట నేరుగా పొడవకుండా అరడుగు పక్కన మొదలుపెట్టి, తాపీతో కొంచెం కొంచెం లోపలికి గీరుకుంటూ పోవాలి. తీసిన మట్టి మీద మళ్లీ మెషిన్ తిప్పితే వస్తువు బయటికి వచ్చేసిందో లేదో తెలుస్తుంది. తుప్పు ఇనుము గీసుకుంటే టీటీ ఇంజెక్షన్, తేలో పామో కరిస్తే 108. మంత్రగాడి దగ్గర ఆలస్యం చేయొద్దు.

గోడ సంగతి మర్చిపోవద్దు. మా మట్టిమిద్దెలకు బండరాళ్లు, మట్టితో కట్టిన పునాదే ఆధారం. ఎంత లోతు తవ్వాలనుకుంటే గోడకు కనీసం అంత దూరంలో ఉండాలి. మోకాలి లోతు దాటితే మేస్త్రీని పిలవండి, నడుం లోతు దాటితే గుంతలోకి మనిషి దిగకూడదు. ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుల దాకా తూగుతుంది, మీద పడితే లాగడానికి పది మంది చాలరు. పార దెబ్బకు డొల్ల శబ్దం వస్తే అది పాత జొన్న పాతర, అంటే గింజలు దాచే నేలగొయ్యి, కావచ్చు. ఏళ్ల తరబడి మూసిన పాతరలో ఊపిరాడే గాలి ఉండదు. దీపం దించితే ఆరలేదు కదా అని దిగినా నమ్మకం లేదు, విషవాయువు దీపాన్ని ఆర్పాలనేమీ లేదు. ముందు దిగినవాణ్ణి కాపాడబోయి రెండోవాడూ పోతాడు.

ఇక నిజంగానే ఏదైనా దొరికితే? 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న, 10 రూపాయలకు మించి విలువ చేసే దేన్నయినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు. గుత్తి కోట, గండికోట, సిద్ధవటం, లేపాక్షి లాంటి రక్షిత కట్టడాల దగ్గర ఇల్లుంటే, చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతి కావాల్సిన ప్రాంతం. అక్కడ మెషిన్ తీయకపోవడమే మేలు. రెండు కడ్డీలు పట్టుకుని, ఫర్లాంగు దూరం నుంచే బంగారం చూపిస్తానని, పూజకు ఇంత ఖర్చవుతుందని వచ్చేవాళ్లను గుమ్మం దగ్గరే పంపేయండి. ఆ కడ్డీలకు సైన్సులో ఏ ఆధారమూ లేదు.

ఏమీ దొరక్కపోతే గుంతను అలాగే వదిలేయకండి. అరడుగు చొప్పున మట్టి వేస్తూ దిమ్మిస కొట్టాలి, లేదంటే మొదటి వానకే నీళ్లు పునాదిలోకి దిగుతాయి. మా బావ ఇంట్లో ఆ రోజు గుంత పూడ్చాక ఎర్తింగ్ తొట్టికి కొత్త మూత పెట్టించాను. ఎర్త్ అని పెయింటుతో పెద్ద అక్షరాలు రాశాం. వారం తర్వాత పోయి చూస్తే అక్షరాలు కనబడకుండా మా అక్క దాని మీద తులసి కుండీ పెట్టుకుని ఉంది.