హోల్‌స్టర్ కొనే ముందు బోర్లించి చూడండి

నల్లగొండలో ఆర్మ్‌డ్ రిజర్వ్ ఆయుధాల స్టోర్‌లో పనిచేసి రిటైరయ్యాను. షూటింగ్ నేర్చుకునే కుర్రాళ్లు ఇప్పటికీ ఇంటికొచ్చి, "అంకుల్, ఏ హోల్‌స్టర్ తీసుకోవాలి?" అని అడుగుతుంటారు. హోల్‌స్టర్ అంటే పిస్టల్ పెట్టుకునే ఒర. నేను ముందు అడిగేది, ఏ పోటీకి అని. మన ఇషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్‌లో హోల్‌స్టర్‌తో పనే లేదు. వేగంగా కాల్చే ర్యాపిడ్ సిరీస్‌లో చేతిని 45 డిగ్రీల కిందికి దించి, అక్కణ్నుంచి లేపి కాలుస్తారు. పరిగెడుతూ, మోకాళ్ల మీద కూర్చుంటూ కాల్చే ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) తరహా ప్రాక్టికల్ షూటింగ్‌కే నడుముకు హోల్‌స్టర్ కావాలి.

అన్ని పిస్టళ్లకూ సరిపోతుందని అమ్మే సంచీలాంటివి వద్దు. మీ మోడల్ పేరు, గొట్టం పొడవు, పైన రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) ఉందా లేదా చెప్పి, దానికే అచ్చు పోసింది తీసుకోండి.

ఇక అసలు సంగతి ట్రిగ్గర్. పిస్టల్ లోపల పెట్టాక ట్రిగ్గర్ గార్డు, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు, మొత్తం గట్టి గోడ వెనక ఉండాలి. పక్కనుంచి వేలు గానీ, చొక్కా అంచు గానీ దూరే సందు ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. పాత తోలు హోల్‌స్టర్లంటే నాకు ఇష్టమే, కానీ మన ఎండకు, చెమటకు తోలు మెత్తబడి మూతి లోపలికి ముడుచుకుంటుంది. పిస్టల్ తిరిగి పెట్టేటప్పుడు ఆ ముడత ట్రిగ్గర్‌ను నొక్కేయగలదు. పోటీలకు కైడెక్స్ ప్లాస్టిక్కే మేలు, మూతి తెరుచుకునే ఉంటుంది. కాకపోతే మే నెలలో కారు డాష్‌బోర్డు మీద వదిలేయకండి, అది వేడికి వంచి చేసేదే. చూపుడువేలితో బటన్ నొక్కి తీసే రకం కూడా నాకు నచ్చదు. హడావిడిలో అదే వేలు జారి ట్రిగ్గర్ మీదికి పోతుంది.

పట్టు చూడటానికి మ్యాగజైన్ తీసేయండి, ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా చూడండి. తూటాలు మీరున్న గదిలోనే ఉండకూడదు. పిస్టల్ లోపల పెట్టి, హోల్‌స్టర్‌ను మంచం మీద బోర్లించి గట్టిగా ఊపండి. జారిందంటే పట్టును బిగించే రిటెన్షన్ స్క్రూ పావు తిప్పు బిగించి మళ్లీ ఊపండి. తర్వాత నడుముకు కట్టుకుని గుంజీలు తీయండి, నాలుగడుగులు పరిగెత్తండి. మరీ బిగిస్తే తీసేటప్పుడు బెల్టంతా పైకి లేస్తుంది, అప్పుడు కొంచెం వదులు చేయండి. ట్రిగ్గర్ గార్డును మాత్రమే పట్టుకునే రేస్ హోల్‌స్టర్ అయితే తాళం లివర్ తప్పకుండా ఉండాలి. కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇంత పట్టింపు ఎందుకంటే, స్టేజ్ (పోటీలో ఒక రౌండు) మధ్యలో పిస్టల్ కింద పడితే ఖాళీదైనా సరే డిస్‌క్వాలిఫై చేస్తారు. పడినదాన్ని మీరు వంగి తీయకూడదు, రేంజ్ ఆఫీసరే తీస్తారు.

ఐపీఎస్‌సీ నియమాల్లో ఇంకొన్ని ఉన్నాయి. పిడి అడుగు భాగం బెల్టు పై అంచుకన్నా కిందికి రాకూడదు. మామూలుగా నిలబడినప్పుడు గొట్టం మూతి మీ పాదాలకు మీటరు లోపలే చూపాలి. భుజానికి వేసేది, తొడకు కట్టేది పనికిరావు. డివిజన్‌ను (పిస్టల్ రకాన్ని బట్టి చేసే విభాగాన్ని) బట్టి తుంటి ఎముక దగ్గర ఎక్కడ ఉండాలన్న లెక్క మారుతుంది, డబ్బు కట్టే ముందే రూల్‌బుక్ చూడండి.

హోల్‌స్టర్‌కు బోలెడు డబ్బు పోసి, ప్యాంటుకు పెట్టుకునే మెత్తటి బెల్టుతో వచ్చేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. లోపల వెల్క్రో, పైన బిర్రుగా ఉండే షూటింగ్ బెల్టు జత తీసుకోండి.

ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో తీయడం, పెట్టడం అలవాటు చేసుకోండి. తీసేటప్పుడు పిడిని పూర్తిగా పట్టుకున్నాకే లాగాలి. తిరిగి పెట్టేటప్పుడు తొందర లేదు, దానికెవరూ టైం లెక్కపెట్టరు. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా చాచి, చొక్కా పక్కకు జరిపి, మెల్లగా పెట్టండి. పోటీకి ముందు రాత్రి స్క్రూలన్నీ ఒకసారి చూసుకుని, హైదరాబాద్ బయల్దేరేటప్పుడు సరిపడే స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకోండి.