సినిమా అంతరిక్ష నౌకను చదవడం – 4వ పాఠం: వేడి ఎటు పోతోంది?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసే ఉంటారు. నౌక కనిపించిన చోట సినిమా ఆపి, కంటికి కనిపించినవన్నీ కాగితం మీద పెట్టడం, కారణాలు మాత్రం రాయకపోవడం. ఈసారి పని దానికి తలకిందులు. ఉండాల్సినది ఏది లేదో పట్టుకోవాలి. ఉన్నదాన్ని చూడటానికి కళ్లు చాలు. లేనిదాన్ని చూడాలంటే ముందు అది ఎందుకు ఉండాలో తెలిసుండాలి.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లోని డిస్కవరీ నౌక. ముందు పెద్ద గుండ్రటి బంతి, అందులో మనుషులు. వెనక చివర ఇంజన్లు, అణు రియాక్టరు. రెండింటినీ కలుపుతూ సన్నటి పొడవాటి వెన్నెముక. మొత్తం పొడవు వంద మీటర్లకు పైనే. వెన్నెముక అంత పొడవెందుకన్నది తేలికగా తేలిపోతుంది. రేడియేషన్ దూరం వర్గానికి తగ్గట్టు పలచబడుతుంది. మనిషి 10 మీటర్ల దూరం నుంచి 100 మీటర్లకు జరిగితే అతనికి తగిలేది నూరో వంతు. టన్నుల కొద్దీ సీసం మోసేకంటే దూరంగా కూర్చోవడమే చవక.

సరే, అణు రియాక్టరు ఉంది. మరి దాని వేడి ఎటు పోతోంది?

అంతరిక్షం చల్లగా ఉంటుంది కాబట్టి వేడి దానంతటదే పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి శూన్యం అంటే మంచి ఫ్లాస్కు. ఫ్లాస్కు రెండు గోడల మధ్య గాలి తీసేసేది వేడి బయటికి పోకుండా ఉండటానికే. గాలి లేని చోట, నౌకలోంచి దేన్నీ బయటికి వదలకుండా వేడి వదిలించుకోవడానికి మిగిలిన దారి ఒక్కటే, కాంతిలా ప్రసరింపజేయడం. దానికి వెడల్పాటి పలకలు కావాలి, వాటినే రేడియేటర్లు అంటాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఫోటోలో సోలార్ పలకల పక్కన మడతలు మడతలుగా తెల్లటి పలకలు కనిపిస్తాయి చూడండి, అవే. వాటిలోకి అమ్మోనియా తిరుగుతూ 70 కిలోవాట్ల దాకా వేడిని బయటికి పంపుతుంది. 1965లో అమెరికా కక్ష్యలోకి పంపిన స్నాప్-10ఎ అనే చిన్న రియాక్టరు 30 కిలోవాట్లకు పైగా వేడి పుట్టిస్తే చేతికొచ్చిన కరెంటు 500 వాట్ల పైచిలుకు. మిగతాదంతా పారబోయాల్సిందే. అందుకే దాని శంకువు ఆకారపు ఒళ్లంతా రేడియేటరే.

ఇప్పుడు డిస్కవరీని మళ్లీ చూడండి. పలకల్లేవు.

చాలామంది ఇక్కడే ‘సినిమావాళ్లకు తెలియలేదు’ అని చేతులు దులుపుకుంటారు. అది ఊహ కాదు, బద్ధకం. ఊహ అంటే ఒక అంకె ఉండాలి. అది నిజమైతే ఇంకేం కనిపించాలో కూడా చెప్పగలగాలి.

అంకె కోసం, వేడెక్కిన వస్తువు ఎంత వేడి ప్రసరిస్తుందో చెప్పే స్టెఫాన్–బోల్ట్జ్‌మన్ సూత్రం మొత్తం బట్టీ పట్టక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి. 1,000 కెల్విన్ (సెల్సియస్‌కు 273 కలిపితే వచ్చే కొలత) దాకా వేడెక్కిన నల్లటి ఉపరితలం చదరపు మీటరుకు 56.7 కిలోవాట్లు వదులుతుంది. మిగతా ఉష్ణోగ్రతలకు, వాటిని 1,000తో భాగించి నాలుగో ఘాతం వేసుకుంటే చాలు. నౌకకు 1 మెగావాట్ కరెంటు కావాలి, రియాక్టరు సామర్థ్యం 20 శాతం అనుకుందాం. అంటే 5 మెగావాట్ల వేడి పుడితే 4 మెగావాట్లు పారబోయాలి. రేడియేటరు 400 కెల్విన్ దగ్గర పనిచేస్తే 0.4 × 0.4 = 0.16, మళ్లీ 0.16 × 0.16 = 0.0256. దాన్ని 56.7తో హెచ్చిస్తే 1.45 కిలోవాట్లు. 4,000ను 1.45తో భాగిస్తే సుమారు 2,760 చదరపు మీటర్లు.

మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు 400 కెల్విన్ బదులు 127 సెల్సియస్‌ను అలాగే పెట్టేశాను. దాదాపు 2,71,000 చదరపు మీటర్లు వచ్చింది, అంటే సుమారు 38 ఫుట్‌బాల్ మైదానాలు. ఒక సాయంత్రమంతా ఈ నౌక అసాధ్యమని నమ్మి తిరిగాను! సెల్సియస్‌కు 273 కలిపాకే మొదలుపెట్టండి.

ఇక ఊహలు. మొదటిది, వెన్నెముక చర్మమే రేడియేటరు అనేది. దాన్ని 3 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల పొడవున్న గొట్టం అనుకుంటే ఉపరితలం సుమారు 750 చదరపు మీటర్లు. 400 కెల్విన్ దగ్గర అది వదిలేది 1.1 మెగావాట్లు, కావాల్సిన దాంట్లో పావు వంతు పైచిలుకు. ఇంకా వేడెక్కిస్తే చాలుతుంది కానీ, వెన్నెముక పొడవునా వరసగా పెట్టెల్లాంటివి ఉన్నాయి. వాటిని ఇంధనం ట్యాంకులనుకుంటే, పక్కనే పొయ్యి పెట్టినట్టే. ఈ ఊహకు పది మార్కుల్లో నాలుగు వేస్తాను.

రెండోది నాకు ఎక్కువ నచ్చుతుంది. వేడిని ఇంధనమే మోసుకుపోతుంది. 1960లలో నెవాడా ఎడారిలో నెర్వా అనే అణు రాకెట్ ఇంజన్‌ను నేల మీద పరీక్షించారు. రియాక్టరులోంచి వెళ్లిన హైడ్రోజన్ వేడెక్కి వెనక నుంచి దూసుకుపోతుంది, దాంతో పాటు వేడీ వెళ్లిపోతుంది. ఇంజన్ నడిచినంతసేపూ పెద్ద పలకల అవసరమే ఉండదు. అయితే దీనికీ ఓ మెలిక ఉంది. రియాక్టరు ఆపగానే చల్లబడదు. లోపల పుట్టిన రేడియోధార్మిక పదార్థాలు క్షీణిస్తూనే ఉంటాయి కాబట్టి ఆపిన మరుక్షణం కూడా కొన్ని శాతం శక్తి వస్తూనే ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ తగ్గుతుంది. 1,000 మెగావాట్ల ఇంజన్‌కు అది పదుల మెగావాట్లు. ఆపాక కూడా హైడ్రోజన్‌ను కొద్దికొద్దిగా వదులుతూ చల్లబరచాలి. పైగా నెలల తరబడి సాగే ప్రయాణంలో దీపాలకూ కంప్యూటరుకూ కరెంటిచ్చే రియాక్టరు సంగతి అలాగే మిగిలిపోతుంది. ఆరు మార్కులు.

మూడోది, రేడియేటరు ఉంది, దాచి పెట్టారు. ఇది మరీ గాల్లో మాట కాదు. స్పేస్ షటిల్ రేడియేటర్లు సరుకు గది తలుపుల లోపలి వైపు ఉండేవి. కక్ష్యలోకి చేరగానే తలుపులు తెరిచేవారు, అవి తెరుచుకోకపోతే త్వరగా దిగిపోవాల్సిందే. డిస్కవరీలో అలాంటి తలుపు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగితే మార్కులు మీవే. నాకైతే దొరకలేదు.

ఇక అసలు కారణం కథ బయట ఉంది. తొలి డిజైన్లలో రేడియేటర్లు ఉన్నాయి. సినిమా రచయితల్లో ఒకరైన ఆర్థర్ క్లార్క్ అదే కథతో రాసిన నవలలో కూడా ఉన్నాయి. అవి అచ్చం రెక్కల్లా కనిపించేవి. గాలి లేని చోట రెక్కలేమిటని ప్రేక్షకులు అడుగుతారని తెర మీద తీసేశారు. తెలిసే తీసేశారన్నమాట. మీ నోట్‌బుక్‌లో ప్రతి పజిల్‌కీ రెండు వరసలు పెట్టమన్నది ఇందుకే. కథలోపలి కారణం ఒకటి, సెట్ దగ్గరి కారణం ఇంకొకటి. రెండో వరస తెలిసిందని మొదటిది కొట్టేయకండి. అలాగని రెండూ కలిపేసి వాదించకండి, ఆ గొడవ ఎప్పటికీ తెగదు.

లెక్క ఇంకొంచెం లాగితే ఒక తమాషా బయటపడుతుంది. రేడియేటరు 800 కెల్విన్ దగ్గర పనిచేస్తే చదరపు మీటరుకు 23.2 కిలోవాట్లు. ఉష్ణోగ్రత రెట్టింపైతే వేడి పదహారు రెట్లు. అప్పుడు 172 చదరపు మీటర్లు చాలు. పలకకు రెండు ముఖాలు కాబట్టి 86. రెండు పలకలు చేస్తే ఒక్కోటి సుమారు 4 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు. వంద మీటర్లు దాటిన నౌక వెనక అవి చేప మొప్పల్లా ఉంటాయి తప్ప విమానం రెక్కల్లా ఉండవు. వేడెక్కువ ఉంచితే ఆ భయం లేకుండానే తెర మీద పెట్టొచ్చని నాకనిపిస్తుంది.

ఈ వారం పని: ఇదే లెక్క 600 కెల్విన్‌తో చేయండి. రెండు ముఖాలూ లెక్కేస్తే 272 చదరపు మీటర్ల దగ్గర తేలాలి. తేలాక డిస్కవరీ బొమ్మ గీసి, స్కేలు తప్పకుండా ఆ పలకలు తగిలించండి. ఎక్కడ తగిలిస్తారో మీ ఇష్టం, కానీ ముందున్న బంతి మీద మాత్రం వాటి వేడి పడకూడదు. ఆ బంతిలో తిరిగే గదిని వచ్చే పాఠంలో విప్పుదాం.