మెట్రిక్ కొలతలు బట్టీ పట్టకుండా నేర్చుకోవడం ఎలా?

కిలో, హెక్టో, డెకా, డెసి, సెంటీ, మిల్లీ అని గడగడా అప్పజెప్పే పిల్లలే, ఈ కాగితం బరువు ఎంతుంటుందో సుమారుగా చెప్పమంటే నోరెళ్లబెడతారు. పట్టిక ముందు, వస్తువు తర్వాత అన్నట్టు నేర్పితే ఇంతే మరి. తిరగేసి మొదలుపెడదాం.

ముందుగా స్కేలు తీసి మీ జాన కొలవండి, బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా. పెద్దవాళ్లకు 20 సెంటీమీటర్లు, అటూఇటూగా వస్తుంది, అంటే ఐదు జానలు కలిపితే దాదాపు మీటరు. ఇక స్కేలు ఇంట్లో మర్చిపోయినా బెంచీ పొడవు చెప్పేయొచ్చు.

గ్రాముకైతే ఏ4 కాగితం పట్టుకోండి. ప్యాకెట్ మీద 80 జీఎస్ఎం అని ఉంటే చదరపు మీటరు కాగితం 80 గ్రాములు తూగుతుందని అర్థం. ఏ4 కాగితాలు 16 పక్కపక్కనే పరిస్తే దాదాపు చదరపు మీటరు అవుతుంది కాబట్టి ఒక్కోటి 5 గ్రాములు. కిలో తూగాలంటే ఎన్ని కావాలో మీరే లెక్కేయండి.

మార్పిడిలో కిలో నుంచి మిల్లీ వైపు ఒక్కో మెట్టు దిగితే పదితో గుణించడం, ఎక్కితే పదితో భాగించడం, అంతే. ఎటు చేయాలో తికమకగా ఉంటే ఒక్కటి చూసుకోండి: ప్రమాణం చిన్నదైతే అంకె పెద్దదవ్వాలి. అర లీటరు పాలు 500 మిల్లీలీటర్లు. మన దేశంలో 1957 దాకా రూపాయికి 16 అణాలు, ఆ లెక్కలు చేసినవాళ్లతో పోలిస్తే మనం హాయిగా ఉన్నట్టే.

అసలు బోల్తా కొట్టేది వైశాల్యం దగ్గర. మీటరుకు 100 సెంటీమీటర్లు కదా అని చదరపు మీటరుకు కూడా వందే రాసేస్తారు. నేల మీద సుద్దముక్కతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీసి, లోపల సెంటీమీటరు గళ్లు ఊహించుకోండి: వరుసకు 100, అలాంటి వరుసలు 100, మొత్తం 10,000. ఘనపరిమాణానికి మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు చాలు, అందులో పట్టేది సరిగ్గా ఒక ఘనపు మీటరు నీళ్లు, బరువు దాదాపు టన్ను!

స్థలాలు మాత్రం మనవాళ్లు ఇప్పటికీ గజాల్లోనే చెప్తారు. 200 గజాలు ఎన్ని చదరపు మీటర్లో తెలియాలంటే 0.836తో గుణించండి, 167 దాటి కొంచెం రావాలి.