వంతెన కింద పడవల దారి మూయాలంటే

గౌతమి పాయ మీద వంతెన మరమ్మతులకు మేస్త్రీగా ఉన్నాను. సిమెంటు పని కన్నా పడవలను ఆపడమే కష్టం.

ముందుగా తేదీలు. తూర్పు తీరంలో మరపడవల చేపల వేట ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు నిషేధం. వరద కూడా ఉండదు. పని ఆ 61 రోజుల్లోనే పెట్టుకోండి. అయితే మర లేని నాటు పడవలకు ఈ నిషేధం వర్తించదు, అవి తిరుగుతూనే ఉంటాయి.

అందుకని నది మొత్తం మూయకండి. పని జరిగే ఖానా, అంటే రెండు స్తంభాల మధ్య దారి, ఒక్కటే మూసి, పక్కది వదలండి. వదిలిన దానిలో లోతు చూడాలి, అదీ పాటు సమయంలో. పోటులో కొలిచి మురిసిపోతే, నీరు తీశాక పడవ ఇసుకలో కూర్చుంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తేడా ఇంకా ఎక్కువ.

అనుమతి కాగితం చేతికి వచ్చాక రేవుల్లో దండోరా వేయించండి. నోటీసు అంటిస్తే చదివేవారు తక్కువ. రేవు దగ్గర టీ కొట్టులో చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

వంతెనకు ఎగువన, దిగువన ఎర్ర జెండాలు, రాత్రి ఎర్ర దీపాలు పెట్టాలి. ఒకసారి నేను దీపం లేకుండా నదికి అడ్డంగా తాడు కట్టించాను. చీకట్లో వచ్చిన ముసలాయన తెడ్డు దానికి తగులుకుంది. ఆయన తిట్టిన తిట్లు న్యాయమైనవే. అప్పటినుంచి తాడుకు తెల్ల డబ్బాలు కట్టిస్తున్నాను, కాపలాకు ఈత వచ్చిన మనిషినే పెడుతున్నాను.

పని ముగిశాక నీటిలో పడిన ఇనుప ముక్కలు, కర్రలు తీయించాకే దారి తెరవండి.