పేనుబంక అండాశయం స్లైడు మీద సరిగా అర్థం కాకపోతే: సమస్య - పరిష్కారం

పేనుబంక అండాశయం పాఠ్యపుస్తకంలోని బొమ్మలా కనిపించకపోవడానికి చాలా సందర్భాల్లో కారణం కోసినవారి పనితనం కాదు, ఎంచుకున్న పురుగే. ఒకే తల్లి సంతతిలో కూడా కొన్ని ఆడపురుగులు మగవాటి అవసరం లేకుండానే పిల్లలను కంటాయి, మరికొన్ని మగవాటితో కలిసి గుడ్లు పెడతాయి. ఈ రెండు రూపాల అండాశయాలు ఒకే మూసలో తయారైనా వాటి పనితీరు వేరు. అందువల్ల పురుగు ఏ రూపానిదో కోయకముందే తేల్చుకోవాలి. చాలా జాతుల్లో గుడ్లు పెట్టే ఆడపురుగుకు వెనుక కాళ్ల టిబియా (మోకాలి కింది) భాగం కొంత ఉబ్బి, దాని మీద చిన్న గుండ్రని మచ్చలు ఉంటాయి. మగపురుగును ఆకర్షించే వాసన వెలువడేది అక్కడి నుంచే.

సమస్య: గుడ్లే లేవు, గొలుసుకట్టుగా పిండాలు కనిపిస్తున్నాయి

ఇది లోపం కాదు. పిల్లలను కనే రూపంలో అండకణం పచ్చసొనను దాదాపు కూడబెట్టుకోదు, దాని చుట్టూ గట్టి పెంకు ఏర్పడదు. అది పోషక భాగం (అండకణాలకు ఆహారం అందించే కణాలుండే పై కొస) నుంచి కిందికి జారిన వెంటనే ఫలదీకరణ లేకుండానే విభజన మొదలుపెట్టి, అదే నాళికలో, అంటే అండాశయంలోని సన్నని గొట్టంలో, పిండంగా ఎదుగుతుంది. నాళికను పై కొస నుంచి అండవాహిక వైపు చూసుకుంటూ రావాలి: పైన పోషక భాగం, తరువాత చిన్న అండకణాలు, ఆ కింద క్రమంగా పెద్దవవుతున్న పిండాలు, చిట్టచివర ఎర్రని కళ్లు స్పష్టంగా తెలిసే పిండం. ఆ ముదురు పిండాన్ని జాగ్రత్తగా విప్పి చూస్తే దాని లోపల కూడా అండాశయాలు, వాటిలో ఎదుగుతున్న పిండాలు కనిపిస్తాయి. ఇవి పక్క పురుగు నుంచి కలిసిపోయినవేమో అనుకోనవసరం లేదు. అమ్మమ్మ కడుపులోనే మనవరాలు మొదలవడం పేనుబంకల్లో మామూలే. ఈ రూపానికి సాధారణంగా శుక్రాశయం (మగదాని శుక్రకణాలను దాచుకునే సంచి) కూడా ఉండదు కనుక దాని కోసం వెతికి ప్రయోజనం లేదు. ఒంటరిగా పెంచిన పేనుబంక మగదాని పొందు లేకుండానే పిల్లలను కంటుందని చార్లెస్ బోనె 1740లోనే చూపాడు.

సమస్య: నాళికలు ఉబ్బి పగులుతున్నాయి, లేదా ముక్కలవుతున్నాయి

మామూలు నీటిలో కోస్తే కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లవణ ద్రావణంలోనే కోయాలి. పొట్ట చివరి ఖండాలను సన్నని ఫోర్సెప్స్‌తో పట్టుకుని నెమ్మదిగా వెనక్కి లాగితే అండవాహికతో పాటు నాళికలన్నీ గుత్తిగా బయటకు వస్తాయి. నడుమ పట్టుకుని లాగితే తెగుతాయి.

సమస్య: పోషక కణమేదో అండకణమేదో తెలియడం లేదు

పేనుబంకలది టెలోట్రోఫిక్ అండాశయం. పోషక కణాలన్నీ నాళిక పై కొసన ఒకచోట గుమిగూడి ఉంటాయి, అక్కడి నుంచి సన్నని పోషక తంతువులు కిందనున్న అండకణాలకు ఆర్‌ఎన్‌ఏను, రైబోసోములను, మైటోకాండ్రియాలను చేరవేస్తాయి. పోషక కణాలూ అండకణాలూ ఒకే మాతృకణం నుంచి పుట్టిన అక్కచెల్లెళ్లు. విభజనలు పూర్తిగా తెగకుండా సాగడం వల్ల అవి ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. పిల్లలను కనే బఠానీ పేనుబంకలో ఈ గుంపు 32 కణాలది, అంటే వరుసగా 5 విభజనల ఫలితం. తేడా తెలియకపోవడానికి ముఖ్య కారణం రంజకం లేకుండా చూడటం. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో స్థిరపరచి, డాపీ అనే రంజకంతో కేంద్రకాలకూ, ఫాలోయిడిన్ అనే రంజకంతో ఆక్టిన్ (కణానికి ఆకారమిచ్చే ప్రోటీన్)‌కూ రంగు వేస్తే విషయం తేటపడుతుంది: పెద్ద కేంద్రకాలు పోషక కణాలవి, వాటి అడుగున వరుసగా ఉన్న చిన్నవి అండకణాలు. తంతువు కనిపించడం లేదంటే కవర్‌స్లిప్ బరువుకు నాళిక నలిగిపోయి ఉండవచ్చు. దాని కింద సన్నని ఆధారం పెట్టి మళ్లీ చూడాలి.

సమస్య: గుడ్డు లోపలికి రంగు ఇంకడం లేదు, వెనుక కొసన ఏదో ముద్ద ఉంది

గుడ్లు పెట్టే రూపంలో ముదిరిన అండకణం నిండా పచ్చసొన ఉంటుంది, పైన పెంకు బిగుసుకుంటుంది. రంజకాన్ని ఆపేది అదే. లేత అండకణాలను ఎంచుకోవాలి, లేదా స్థిరపరిచే ద్రావణంలో ఉంచే సన్నని సూదితో పెంకుకు చిల్లు పెట్టాలి. ఇక వెనుక కొసనున్న ముద్ద మురికి కాదు, బుక్నెరా బాక్టీరియాల సమూహం. పేనుబంక పీల్చే మొక్కల రసంలో తగినంత దొరకని అమైనో ఆమ్లాలను సమకూర్చే ఈ సహజీవులు తల్లి నుంచే గుడ్డులోకి చేరతాయి. పిల్లలను కనే రూపంలో తొలిదశ పిండంలోకి ప్రవేశిస్తాయి. కనుక పిండాలు చిన్నవిగా, శిథిలమై కనిపిస్తే పురుగులకు యాంటీబయాటిక్ తగిలిందేమో విచారించాలి. సహజీవులను కోల్పోయిన పేనుబంకలు గిడసబారి, దాదాపు గొడ్డువిగా మిగులుతాయి.

సమస్య: గుడ్లు పెట్టే రూపం ఎంతకీ రావడం లేదు

రాత్రి నిడివి పెరిగితేనే ఆ రూపం పుడుతుంది. దీపాల సమయం మార్చిన మరునాడే ఫలితం ఆశించకూడదు, ఎందుకంటే ఆ సంకేతం తల్లి ద్వారా కడుపులోని పిండాలకు చేరాలి, అప్పటికే ముదిరిన పిండాలు పాత దారినే పోతాయి. 12 గంటల వెలుతురులో, చల్లని గదిలో ఒకటి రెండు తరాలు పెంచి చూడాలి. వేడి ఎక్కువైతే పొడవైన రాత్రి ప్రభావం దెబ్బతింటుంది. అప్పటికీ రాకపోతే ఆ వంశం లైంగిక దశను పూర్తిగా వదులుకున్నదై ఉండవచ్చు, వేరే వంశాన్ని తెచ్చుకోవడమే మార్గం.

సమస్య: బంధు కీటకంలో ఈ గుర్తులేవీ సరిపోవడం లేదు

ఫిల్లాక్సెరా కీటకాలు మగదానితో కలవకపోయినా గుడ్లే పెడతాయి, కనుక వాటిలో పిండాల గొలుసు కోసం చూడకూడదు. పిండినల్లి, పొలుసు పురుగుల్లో నాళికలు పొట్టివి, సంఖ్యలో చాలా ఎక్కువ. ఒక్కో నాళికలో సాధారణంగా ఒక్కటే అండకణం, పైన కొద్దిపాటి పోషక కణాలు ఉంటాయి. అక్కడ నాళిక పొడవునా వరుస లేకపోవడం నాళిక తెగిందనడానికి సూచన కాదు.